పగిలిన కప్పూ మోగింది

పెద్ద కోడలికి తన తోడికోడలి చెవులంటే ఒళ్లు మంట.

అందం సంగతి కాదు. చిన్న కోడలు తనకన్నా పొడుగు, తనకన్నా ఛాయ. అయితే అవనీ అనుకుంది. దాని జుట్టు నడుం దాటి ఉంటుంది. ఉంటే చిక్కులు తీసుకోలేక అదే ఏడుస్తుంది అనుకుంది. ఆ రెంటినీ ఏనాడో క్షమించేసింది. కానీ ఆ చెవులున్నాయే, తలకి అతుక్కుపోయి, బుల్లి కమ్మలు పెట్టుకుని, ఏ పాపమూ ఎరగనట్టు కూర్చున్న ఆ రెండు చెవులూ, వాటిని మాత్రం క్షమించడం ఆమె వల్ల కాలేదు. ఇంటిల్లిపాదికీ ఒకటే జ్వరం వచ్చింది. ఒకరి తర్వాత ఒకరు మంచం ఎక్కారు, ఒకరి తర్వాత ఒకరు దిగారు. పోతూ పోతూ ఆ జ్వరం ఆమె ఒక్కదాని చెవుల్లో ఒక ఈల మరిచిపోయి వెళ్లింది.

ఇద్దరూ పనిచేసేది కప్పులూ సాసర్లూ తయారయ్యే కార్ఖానాలో. పొడుగాటి రేకుల షెడ్డు. ఒక కొసన మట్టి పిసికే తొట్లు, మధ్యలో అచ్చులు, పిడులు అతికించే బల్లలు, ఆ తర్వాత కొలిమి. అన్నీ దాటి తలుపు దగ్గర, అట్టపెట్టెలు కట్టే చోటుకి ముందు, చివరి బల్ల ఉంటుంది. కాలి వచ్చిన ప్రతి కప్పూ ఆ బల్ల మీద పరీక్ష ఇచ్చుకోవాల్సిందే. కప్పుని ఎడమచేతి వేళ్ల కొసల మీద నిలబెట్టి, కుడిచేత్తో సన్నటి చెక్కపుల్ల తీసుకుని అంచు కింద ఒక్కటి తట్టాలి. మంచి కప్పయితే ఖంగుమంటుంది, ఆ మోత కాసేపు గాల్లో సాగుతుంది. కంటికి ఆనని బీట ఎక్కడైనా ఉందంటే డబ్‌మని అక్కడికక్కడే చస్తుంది. మోగింది కుడిపక్క ట్రేలోకి, చచ్చింది ఎడమపక్క గంపలోకి. మంచిదని తేల్చిన మనిషి కప్పు అడుగున తన రంగు మైనం పెన్సిలుతో చుక్క పెట్టాలి. పెద్ద కోడలిది ఎర్రచుక్క.

ఎర్రచుక్క ఉన్న కప్పు షాపులనుంచి వెనక్కి వచ్చిందన్న మాట ఆ షెడ్డులో ఎవరూ వినలేదు. ఎవరైనా పెద్దమనుషులు కార్ఖానా చూడటానికి వస్తే సూపర్‌వైజరు వాళ్లని తిన్నగా ఆమె దగ్గరికే తీసుకొచ్చేవాడు. ఆమె వాళ్ల వంక చూడకుండా, ఆవులిస్తూ, కప్పుల్ని తట్టి అటూ ఇటూ పడేసేది. ఆ ఆవులింత కావాలని చేసేదే. కొలిమి మేస్త్రీ నోటిదూల మనిషి. "అక్కా, నీకు జలుబు చేస్తే మాకు ముందే చెప్పాలి, కార్ఖానా మూసేసుకుంటాం" అనేవాడు.

ఇంట్లోనూ అంతే. పెరట్లో బట్టలు ఆరేస్తూ, వంటింట్లో పాలు పొంగబోతున్నాయని అరిచేది. అత్తగారు పిలుద్దామని గొంతు సవరించుకుంటే చాలు, "వస్తున్నానత్తయ్యా" అని జవాబు వచ్చేది. "మా పెద్దదానికి చీమ నడిచినా వినిపిస్తుంది" అని అత్తగారు ఇరుగుపొరుగుకి చెప్పుకుని మురిసేది. చదువు మధ్యలో ఆగిపోయింది, రూపం అంతంతమాత్రం, మొగుడు మంచివాడే గానీ చెప్పుకోదగ్గ మొనగాడేం కాదు. ఆమెకంటూ ఉన్న ఆస్తి ఆ మాటే.

చిన్న కోడలిని కార్ఖానాలో పెట్టించింది కూడా ఆమే. మొదట కప్పులు కడిగే తొట్టి దగ్గర. భోజనాల వేళ తన పక్కన కూర్చోబెట్టుకుని తట్టడం నేర్పింది. "వేళ్లు సడలించవే! గొంతు పట్టుకున్నట్టు పట్టుకుంటే అదెలా పలుకుతుంది?" అని చేతి మీద పుల్లతో ఒకటి ఇచ్చేది. చిన్న కోడలు నవ్వి మళ్లీ పట్టుకునేది. అప్పుడు ఆ చెవుల మీద ఈమెకి ఏ కోపమూ లేదు. తను దిద్దిన చెవులు కదా.

జ్వరం ముందు పిల్లలకి వచ్చింది, తర్వాత అత్తగారికి, అన్నదమ్ములకి, చిన్న కోడలికి. అందరికీ గంజి కాచి, తడిబట్ట వేసి, మాత్రలు మింగించి, చివరికి ఆమె పడింది. అందరికంటే ఎక్కువ రోజులు పడింది. ఆమె మంచం మీద ఉన్నన్నాళ్లూ చివరి బల్ల దగ్గర ఆమె స్టూలు మీద చిన్న కోడలు కూర్చుంది. నీలంచుక్క పెట్టింది.

జ్వరం దిగిన పొద్దున ఆమెకి మెలకువ రాగానే ఎక్కడో సన్నగా ఈల వినపడింది.

"ఎవరే ఆ ఈల వేసేది?" అంది.

"ఏ ఈల?" అంది అత్తగారు.

ఆమె లేచి గోడ పట్టుకుని ఇల్లంతా తిరిగింది. కుళాయి బిగించింది. ఫ్యాను కట్టేసింది. టీవీ వెనక చెయ్యి పెట్టి చూసింది. ఆఖరికి ఫ్రిజ్జు ప్లగ్గు పీకేసింది. ఈల అలాగే ఉంది.

"ఫ్రిజ్జు ఎందుకు పీకావే? పెరుగు పులిసిపోతుంది!" అని అత్తగారు మొత్తుకుంది. "జ్వరం దిగిందనుకున్నాం, తలకెక్కింది దీనికి!"

పెద్ద కోడలు రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసుకుంది. ఈల తగ్గలేదు సరికదా, ఇంకా దగ్గరికొచ్చింది. అక్కడే కూర్చుండిపోయింది. ఆ ఈల బయట ఎక్కడా లేదు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే చెవి సంగతి కార్ఖానాకి తెలుస్తుంది, తెలిస్తే స్టూలు పోతుంది. నీరసం పోతే అదే పోతుందిలే అనుకుంది. నీరసం పోయింది, ఈల పోలేదు. ఆఖరికి మొగుడితో కడుపునొప్పి అని చెప్పి ఆసుపత్రికి వెళ్లి, అతన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, తను చెవి డాక్టరమ్మ గదిలో దూరింది.

డాక్టరమ్మ చెవుల్లో దీపం వేసి చూసింది. హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కమంది. తర్వాత కాగితం మీద ఒక గీత చూపించింది. ఆ గీత బాగానే నడిచి నడిచి చివర్లో గోతిలో పడ్డట్టు కిందికి దిగిపోయింది.

"కొంతమందికి వైరస్ జ్వరాలు లోపలి చెవినీ, దాని నరాన్నీ దెబ్బ తీస్తాయమ్మా. మీకు సన్నటి శబ్దాలు పట్టుకునే చోట తగిలినట్టుంది. అక్కణ్నించి మెదడుకి కబురు అందకపోతే, అదే ఊరుకోలేక ఒక మోత కల్పించుకుంటుందని మేం అనుకుంటాం. మీరు వింటున్నది అదే."

"పోతుందాండీ?"

"కొందరికి నెమ్మదిగా తగ్గుతుంది. కొందరికి ఉండిపోతుంది, కానీ అలవాటైపోతుంది. వినికిడి తగ్గిన మొదట్లోనే వచ్చుంటే మందులు వాడి చూసేవాళ్లం. ఇంత ఆలస్యం ఎందుకు చేశారు?"

ఆమె మాట మార్చింది. "మా తోడికోడలికీ ఇదే జ్వరం వచ్చిందండీ. దానికేం కాలేదు" అంది.

"మంచిదేగా!"

"మంచిదే" అంది పళ్ల బిగువున. "కానీ నాకే ఎందుకొచ్చిందంటాను."

డాక్టరమ్మ నవ్వింది. "అదే చెప్పగలిగితే నేనీ ఇరుకు గదిలో ఎందుకుంటానమ్మా? సరే, మీరేం పని చేస్తారు? చెవితో అవసరం ఉన్న పనా?"

"కప్పులు కడుగుతాను" అంది పెద్ద కోడలు.

తిరిగి కార్ఖానాకి వెళ్లేసరికి చివరి బల్ల దగ్గర రెండు స్టూళ్లున్నాయి. పని పెరిగింది, ఇద్దరూ కూర్చోండి అన్నాడు సూపర్‌వైజరు. ఆమె తన స్టూలు మీద కూర్చుని మొదటి కప్పు తీసి తట్టింది. మోగింది. ఇంకోటి తట్టింది. మోగింది. హెడ్‌ఫోన్లలో పీపీమనే ఆ పిచ్చి కూతలు వినపడకపోతే ఏమట? కప్పులు నా కప్పులు, వాటి గొంతు నాకు తెలీదా అనుకుని ప్రాణం కుదుటపరుచుకుంది. ఈల ఈలే, కప్పు కప్పే. రెంటినీ విడదీయడం తనకి వచ్చేసిందనుకుంది.

అయినా పక్క స్టూలు మీది చెవుల్ని చూస్తే కడుపు రగిలిపోయేది. చిన్న కోడలు పని మధ్యలో తల ఎత్తి, "అక్కా, వాన మొదలైంది" అనేది. రేకుల మీద మొదటి చినుకు పడే చప్పుడు ఒకప్పుడు ఆ షెడ్డులో అందరికంటే ముందు ఈమెకే వినపడేది. చిన్నది ఫోను ఏ చెవి దగ్గర పెట్టుకుంటే ఆ చెవితో విని మాట్లాడేది, మహారాణిలాగా. ఊరికే కూర్చున్నప్పుడు ఊరికే ఉండేది. ఆ ఊరికే ఉండటం ఉందే, దాన్ని చూస్తే ఈమెకి మరీ కంటగింపు. నిశ్శబ్దం అంతా చిన్న కోడలే మూట కట్టుకుని పోయినట్టుండేది.

ఒకరోజు అత్తగారు వాకిట్లో కూర్చుని పక్కింటావిడతో అంటోంది. పెద్ద కోడలు గుమ్మం దాకా వచ్చి ఆగింది.

"మా చిన్నదానికి చీమ నడిచినా వినిపిస్తుందనుకో! పెద్దదానికి ఈమధ్య నాలుగుసార్లు పిలిస్తే గానీ ఉలుకూ పలుకూ ఉండదు. పొగరు పెరిగింది."

పొగరన్నందుకు ఆమెకి బాధ కలగలేదు. చీమ! ఆ చీమ తనది. ఎన్నో ఏళ్లుగా తనది. దాన్ని తీసుకెళ్లి చిన్నదాని చెవిలో వేశారు.

ఆ మర్నాడే సూపర్‌వైజరు ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎవరో షాపతను వెనక్కి పంపాడు. వేడి వేడి టీ పోస్తే కప్పు రెండుగా విచ్చుకుని టీ అంతా మనిషి ఒళ్లో పడిందట. అడుగున ఎర్రచుక్క. పెట్టెలో మిగిలినవాటిలోనూ బీటలు. వాటికీ ఎర్రచుక్కే.

"ఒంట్లో బాగా లేకపోతే చెప్పమ్మా" అన్నాడతను నెమ్మదిగా. "ఇంకోసారి ఇలాంటి పెట్టె వచ్చిందంటే నేను నిన్ను ఈ బల్ల మీద ఉంచలేను. యజమాని నా పీక మీద కూర్చుంటాడు."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. అంతలోనే బుర్రలో ఒక మెరుపు మెరిసింది. ఎర్ర పెన్సిలు బల్ల మీదే ఉంటుంది. ఎవరైనా తీసుకోవచ్చు. ఎవరైనా ఏమిటి, పక్కనున్నది ఎవరు? తన గంపలోకి పోవాల్సిన చచ్చు కప్పులకి ఎర్రచుక్క పెట్టి నా ట్రేలోకి తోసేస్తోంది. రెండు స్టూళ్లు దానికి చాలలేదు!

అప్పట్నుంచి పెన్సిలు కొంగున ముడేసుకుంది. చిన్న కోడలు, "అక్కా, ఒక్క మాట..." అని ఏదో చెప్పబోతే "పని చూసుకోవే" అని కసిరేది. ఓ మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచాక ఆమె కదల్లేదు. పక్క స్టూలు దగ్గరున్న గంపలోంచి, చిన్న కోడలు చచ్చినవని పడేసిన కప్పుల్లోంచి, ఒకటి తీసి వేళ్ల మీద నిలబెట్టి తట్టింది.

మోగింది.

ఇంకోటి తీసింది. అదీ మోగింది. గంపలో ఏది తీసి తట్టినా చక్కగా మోత సాగుతూనే ఉంది. ఆమె మొహం వెలిగిపోయింది. ఓహో, ఇదా సంగతి! నిక్షేపంలాంటి కప్పుల్ని గంపలో పారేస్తోంది, తనేదో మహా గట్టిదాన్నని చూపించుకోడానికి. దొరికావే!

భోజనాలయ్యాక ఆమె ఆ గంపని చంకన పెట్టుకుని షెడ్డు మధ్యలోకి వచ్చింది.

"సార్, ఇలా రండి! మేస్త్రీ, నువ్వూ రా! అందరూ రండి, మా ఇంటి బంగారం పనితనం చూద్దురుగాని!"

అందరూ చేతులు తుడుచుకుంటూ వచ్చారు. చిన్న కోడలు అందరికంటే వెనక వచ్చి నిలబడింది. ఆ గంప చూడగానే దాని మొహం పాలిపోయింది. చూశారా దొంగ మొహం అనుకుంది పెద్ద కోడలు.

"ఇవి పాడు కప్పులట! నీలంచుక్క మహాతల్లి తేల్చి పారేసింది. వినండి!"

పుల్ల ఎత్తి తట్టింది. మోత ఆగకుండా సాగింది. ఆమె గెలిచినట్టు చుట్టూ చూసింది.

ఎవరూ ఏమీ అనలేదు.

"ఇంకోటి వినండి!" తట్టింది. "ఎలా ఉంది? గుడిగంటలా లేదూ?"

మేస్త్రీ నోటిదూల మనిషి కదా, అతను కూడా నేల చూపులు చూస్తున్నాడు. మట్టి తొట్ల దగ్గరి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్ద కోడలు మూడోది తట్టింది. తడుతూ ఈసారి కప్పుని చూడలేదు, మొహాల్ని చూసింది. పుల్ల తగలగానే మేస్త్రీ కనుబొమలు ముడిపడ్డాయి. ఎన్నో ఏళ్లుగా చచ్చిన కప్పు చప్పుడుకి అతని మొహం అలాగే ముడుచుకుంటుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు.

చేతిలో కప్పు ఇంకా మోగుతూనే ఉంది. కింద పెట్టింది. అయినా మోగుతోంది.

ఆ మోత కప్పుది కాదు.

అప్పుడు వెనకనుంచి చిన్న కోడలు ముందుకొచ్చింది. "అక్క చెప్పింది నిజమే సార్. నాకూ మోగినట్టే ఉంది. నేనే చూసుకోకుండా గంపలో వేశాను."

"మోగిందా?" సూపర్‌వైజరు ఆమె వంక ఎగాదిగా చూశాడు. సిరా కలిపిన నీళ్ల మగ్గు తెప్పించి, ఆ కప్పు మీద పోసి, గుడ్డతో తుడిచాడు. తెల్లటి కప్పు మీద అంచునుంచి అడుగుదాకా వెంట్రుకంత నల్లగీత తేలింది. "ఇది మోగిందా నీకు? అయితే మీ ఇద్దరికీ చెవుల్లేనట్టే. ఇద్దరూ లేవండి ఆ బల్ల మీంచి."

పెద్ద కోడలికి ఆ మాట ఎంత హాయిగా తగిలిందో చెబితే బాగుండదు. కానీ హాయిగానే తగిలింది. పోతే ఇద్దరం పోతాం. ఆ స్టూలు మీద నేను లేకపోతే అదీ ఉండదు. నోరు మూసుకుంటే చాలు, అంతా సమానం అయిపోతుంది.

కానీ మనసు ఒక చోట తట్టుకుని ఆగింది. ఆ చెవుల్ని తయారుచేసింది ఎవరు? పుల్లతో చేతి మీద కొట్టి కొట్టి నేర్పింది ఎవరు? తన చెవులు జ్వరం తీసుకుపోయింది, సరే. తను దిద్దిన చెవులు కూడా ఎందుకూ పనికిరావని ఈ షెడ్డంతా అనుకుంటే, ఇక్కడ తనదని చెప్పుకోడానికి ఇంకేం మిగులుతుంది? పైగా ఇది తనని కాపాడుతుందట! తన చేత దెబ్బలు తిన్నది తన మీద జాలి పడుతుందట!

"అది అబద్ధం చెబుతోంది సార్" అంది. "సరిగా అబద్ధమాడటం కూడా రాదు దానికి. పోయినవి నా చెవులు. జ్వరం దగ్గర్నుంచి ఒకటే ఈల. నాకు ప్రతి కప్పూ మోగుతుంది. దాని చెవులకేం రాలేదు, నిక్షేపంలా ఉన్నాయి. నేను నేర్పిన చెవులవి."

"అక్కా..."

"నువ్వు నోర్ముయ్యి. సార్, దాన్ని అటు తిప్పి నిలబెట్టి మేస్త్రీ చేత తట్టించండి."

చిన్న కోడల్ని గోడవైపు తిప్పారు. మేస్త్రీ ట్రేలోంచి కొన్ని, గంపలోంచి కొన్ని కలిపి తీసి తట్టాడు.

"మంచిది" అంది చిన్న కోడలు గోడతో. "పోయింది. మంచిది. పోయింది. ఇది... ఇదీ పోయింది. మంచిది."

ఒక్కటీ తప్పలేదు. పెద్ద కోడలు పక్కనే నిలబడి విన్నది. ఆమెకి అన్నీ మోగాయి, అన్నీ ఒకేలా మోగాయి. జీవితంలో అంత అసూయ ఆమె ఎప్పుడూ పడలేదు. అంత గర్వంగానూ ఎప్పుడూ నిలబడలేదు. కొంగున ముడి విప్పి, ఎర్ర పెన్సిలు సూపర్‌వైజరు చేతిలో పెట్టేసింది.

ఆమెకి పిడులు అతికించే బల్ల దగ్గర చోటిచ్చారు. అక్కడ చెవితో పని లేదు. తడిమట్టి పిడిని కప్పుకి అంటించి, కుంచెతో నీళ్లు రాసి, అతుకు కనపడకుండా దిద్దాలి. ఆ బల్ల నుంచి చివరి బల్ల తిన్నగా కనపడుతుంది. చిన్న కోడలు కప్పు తట్టగానే ఈమె కుంచె ఆగుతుంది. చప్పుడుతో ఏమీ తెలియదు గనక చెయ్యి ఎటు పోతుందో చూస్తుంది. కుడికా, ఎడమకా. కుడికి పోతే ఏమీ అనదు. ఎడమకి పోతే పక్కావిడతో, "అంత తొందరెందుకో దానికి? నేనైతే ఇంకోసారి తట్టేదాన్ని" అంటుంది.

ఓ రోజు భోజనాల వేళ చిన్న కోడలు టిఫిను డబ్బా పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు నమిలింది. ఆ తర్వాత అడిగింది.

"అక్కా, ఎలా ఉంటుంది ఆ ఈల?"

ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మొగుడు అడగలేదు, అత్తగారు అడగలేదు. డాక్టరమ్మ కూడా ఎప్పటినుంచి ఉందని అడిగింది గానీ ఎలా ఉందని అడగలేదు. పెద్ద కోడలు చెయ్యి కడుక్కుంటూ ఆలోచించింది.

"మంచి కప్పుని తట్టినట్టు ఉంటుంది. ఆ మోత చివర సన్నగా సాగుతుంది చూడూ, అక్కడ ఆగిపోయి, ఇక ఎన్నటికీ అయిపోదు."

"వినడానికి బాగానే ఉన్నట్టుందే!"

"నీకూ వస్తే తెలుస్తుందే, బాగుందో లేదో!" అనేసింది పెద్ద కోడలు. అనేసి నాలుక కరుచుకుని, చటుక్కున చెయ్యి చాపి తోడికోడలి చెవి పట్టుకుంది. మెలిపెట్టబోతోందేమోనని చిన్న కోడలు తల వెనక్కి తీసుకుంది. ఈమె వదల్లేదు. కమ్మ వెనక అంటుకున్న మట్టిని బొటనవేలితో తుడిచింది.

"జ్వరమని ఒళ్లు వెచ్చబడి చెవి కాస్త తేడాగా అనిపించినా సరే, ఆ పూటే ఆసుపత్రికి పో. నాలాగా దాచుకోకు" అంది. "పో, గంట కొడుతున్నట్టున్నారు."

"ఎవరూ కొట్టలేదక్కా."

"నాకు తెలుసులేవే. నీకు తెలుసో లేదో చూశాను."